తాతల నాటి లూర్ల పెట్టె చేతికొస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు

అమెరికాలో పాతకాలపు ఇళ్ల గరాజుల్లో, బేస్‌మెంట్లలో ఇనప ట్యాకిల్ పెట్టె, అంటే చేపలు పట్టే సరంజామా దాచే పెట్టె, ఒకటి తరచూ కనిపిస్తుంది. భార్య తరఫు తాతగారిదో, అల్లుడి ఇంటివాళ్లదో, ఇల్లు ఖాళీ చేస్తూ పక్కింటి పెద్దాయన ఇచ్చిపోయిందో, ఏదో ఒక దారిలో తెలుగువాళ్ల ఇళ్లకీ చేరుతుంటుంది. మూత తీస్తే లూర్లు, అంటే చేపను మోసగించి పట్టే ఎరబొమ్మలు: రంగుల చెక్క చేపలు, గాజు కళ్లు, తుప్పు పట్టిన మూడు కొనల హుక్కులు, అడుగున కరిగి అంటుకుపోయిన రబ్బరు పురుగులు. చూడగానే కడిగి మెరిపించాలనిపిస్తుంది. డెబ్బై ఏళ్లు పెట్టెలో క్షేమంగా ఉన్న లూర్ సరిగ్గా అప్పుడే పాడవుతుంది. అందుకే ముందు విడదీయడం, తర్వాత గుర్తుపట్టడం, ఆ తర్వాతే తుడవడం. ఈ వరస తప్పొద్దు.

మూత తీసిన మొదటి గంట

బల్ల మీద పాత తెల్ల దుప్పటి పరచండి. ఊడిపడిన గాజు కన్ను గానీ, చిన్న స్క్రూ గానీ తెల్లగుడ్డ మీద వెంటనే కనబడుతుంది. చేతికి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. ఆనాటి పెట్టెల్లో సీసం గుండ్లు తప్పకుండా ఉంటాయి, వాటి పొడి అరల నిండా అంటుకుని ఉంటుంది. పాత పెయింట్‌లోనూ సీసం ఉండొచ్చు. పని అయ్యేదాకా తినొద్దు, తాగొద్దు. చిన్నపిల్లల్ని బల్ల దగ్గరికి రానీయొద్దు, బొమ్మల్లా కనిపిస్తాయి కాబట్టి నోట్లో పెట్టుకుంటారు. తుప్పు హుక్కు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకుని డాక్టర్ని కలవండి. ముల్లు లోపలికి దిగిన హుక్కును ఇంట్లో వెనక్కి లాగితే కండ చీరుకుంటుంది.

ఏదీ కదపకముందే పెట్టె మొత్తాన్ని, ఒక్కో అరను విడివిడిగా ఫొటో తీయండి. ఏ లూర్ ఏ అట్టపెట్టె పక్కన ఉందో ఆ తర్వాత గుర్తుండదు. అరల అడుగున మడతపెట్టిన కాగితాలు, ధరల చీటీలు, పాత ఫిషింగ్ లైసెన్సులు దొరుకుతాయి. వాటిని పారేయకండి. పెట్టె ఏ సంవత్సరాల్లో వాడారో, ఏ సరస్సుకి వెళ్లేవారో చెప్పే సాక్ష్యం చాలాసార్లు ఆ లైసెన్సు ఒక్కటే.

తర్వాత రబ్బరు, మెత్తటి ప్లాస్టిక్ సరుకంతా బయటికి తీసేయాలి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. మెత్తటి పురుగుల్లో మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి రసాయనం ఏళ్ల తరబడి మెల్లగా బయటికి ఊరుతుంది. అది గట్టి ప్లాస్టిక్ లూర్‌కి తగిలితే ఒళ్లు కరిగి గుంట పడుతుంది, చెక్క లూర్‌కి తగిలితే పెయింట్ బంకలా మారుతుంది. హులా పాపర్ లాంటి వాటికి తొడిగే రబ్బరు కుచ్చులూ ఇలాగే చుట్టుపక్కల వాటిని పాడు చేస్తాయి. పురుగు లూర్‌కి అతుక్కుని ఉంటే గోటితో పీకొద్దు. ఆ రెంటినీ కలిపే జిప్ కవర్లో వేసి ఫ్రిజ్ కింది అరలో ఇరవై నిమిషాలు ఉంచండి. ఫ్రీజర్ వద్దు. బంక గట్టిపడ్డాక ఐస్‌క్రీం పుల్ల అంచుతో మెల్లగా ఎత్తండి. మచ్చ మిగిలితే మిగలనివ్వండి, దాన్ని తీయబోతే కింది రంగు కూడా వస్తుంది.

ప్లాస్టిక్ లూర్లలో ఏదైనా వెనిగర్ వాసన కొడుతోందా? సెల్యులోజ్ అసిటేట్ రకం ప్లాస్టిక్ విరుగుతున్నప్పుడు వచ్చే వాసన అది. ఒంటి మీద పొగచూరినట్టు మసక, సన్నటి పగుళ్లు, వంకర కూడా కనిపిస్తాయి. ఆ ఆవిరి పక్కనున్న హుక్కులకు తుప్పు పట్టిస్తుంది. దాన్ని వేరుగా, గాలి తగిలేలా అట్టపెట్టెలో పెట్టండి. కవర్లో బిగించి కడితే ఆవిరి లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా పాడవుతుంది. ఒకసారి మొదలైతే ఆపలేం, నెమ్మదింపజేయగలం.

ఇక హుక్కులు చిక్కుపడ్డ లూర్ల ముద్ద. రెండు చివర్లూ పట్టుకుని లాగితే ఒకదాని కొన ఇంకొకదాని పెయింట్‌ను గీస్తుంది. ముద్దను బల్ల మీద పెట్టి, ఒక లూర్ ఒళ్లు ఎడమ చేత్తో కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో పట్టకారుతో ఒక్కో కొననే తిప్పుతూ విడదీయండి. ఎంతకీ రాకపోతే రెండింటిలో కొత్తదాని హుక్కును కటింగ్ ప్లేయర్‌తో తుంచండి. పాతదాని హుక్కు మాత్రం తుంచకండి. విడదీసిన ప్రతి లూర్‌కీ హుక్కుల చుట్టూ టిష్యూ చుట్టి పక్కన పెట్టండి.

ఇది ఎవరు చేసింది, ఎప్పటిది?

పాత అమెరికన్ లూర్లలో పేరున్న కంపెనీల్లో చాలావరకు మిషిగన్, ఇండియానా, ఒహాయో చుట్టూనే ఉండేవి. డవాజియాక్‌లో హెడన్, కలమజూలో షేక్స్పియర్, పా పా ఊళ్లో అదే పేరుతో పా పా, సౌత్ బెండ్‌లో అదే పేరుతో సౌత్ బెండ్, గారెట్‌లో క్రీక్ చబ్, అక్రన్‌లో ఫ్లూగర్, అర్బోగాస్ట్. పెట్టె మిడ్‌వెస్ట్ ఇంటిదైతే సగం సరుకు వీళ్లదే అయ్యుంటుంది. ఎరుపు తెలుపు చారల మీద దయ్యం తల ఉన్న రేకు డార్‌డెవిల్, అది డెట్రాయిట్‌లోని ఎపింగర్ వాళ్లది. బాల్సా చెక్కతో చేసిన సన్నటి, తేలికైన చేప ర్యాపాలా కావొచ్చు. ఫిన్లండ్‌లో లౌరి ర్యాపాలా 1936లో మొదలుపెట్టిన రకం ఇది. 1962లో లైఫ్ పత్రికలో వ్యాసం వచ్చాక అమెరికాలో దీనికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మూతిమీద, పెట్టెమీద ఫిన్లండ్ అని ఉంటే పాతరకం, ఐర్లండ్ అనో ఎస్టోనియా అనో ఉంటే తర్వాతిది.

ముందు ఒళ్లు చెక్కా ప్లాస్టికా తేల్చుకోండి. ప్లాస్టిక్‌కి వీపు మీదో పొట్ట కిందో అచ్చు కలిసిన గీత సన్నగా తగులుతుంది. చెక్కకి పెయింట్ ఊడిన చోట పీచు గీతలు కనిపిస్తాయి, పగుళ్లు కూడా ఆ పీచు వెంటే నిలువుగా సాగుతాయి. హెడన్ లూర్ పేరులో స్పూక్ అని ఉంటే అది ప్లాస్టిక్. అదే ఆకారంలో దానికి ముందు వచ్చింది చెక్కది.

కళ్లు చూడండి. గాజు కన్ను లోతుగా ఉంటుంది, వెలుతురులో తిప్పితే లోపల నల్లపాప కదిలినట్టుంటుంది. తర్వాత రేకు మేకు తలకి రంగేసిన కళ్లు, ఆపైన పెయింట్‌తో దిద్దిన కళ్లు వచ్చాయి. గాజు కన్ను ఉంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదే అని చాలామంది తీర్మానించేస్తారు. హెడన్‌కి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది, క్రీక్ చబ్‌కి సరిపోదు. వాళ్లు పైకీ అనే రకం లూర్లకు యుద్ధం తర్వాత కూడా చాలాకాలం గాజు కళ్లే పెట్టారు.

కళ్లకంటే నమ్మదగ్గ సాక్ష్యం హుక్కు ఒంటికి ఎలా తగిలించారన్నది. అన్నిటికంటే సాదా పద్ధతి, రింగున్న స్క్రూను చెక్కలోకి తిప్పేసి దానికి హుక్కు వేలాడదీయడం. హెడన్ మొదటి రోజుల్లో ఆ స్క్రూ చుట్టూ చిన్న లోహపు గిన్నె దింపేవారు, హుక్కు ఊగినా చెక్కకు గీత పడకుండా. తర్వాత, సుమారు 1917 నుంచి, ఎల్ ఆకారంలో వంచిన తీగ. 1930 ప్రాంతం నుంచి రెండు ముక్కల రేకు అమరిక. ఆ తర్వాత చెక్క పైనే రెండు స్క్రూలతో బిగించిన రేకు. ఒకే నమూనా నలభై ఏళ్లు అమ్ముడైనా ఈ బిగింపు మారుతూ వచ్చింది కాబట్టి, దాన్ని బట్టి ఏ దశాబ్దానిదో తేల్చొచ్చు. అప్పుడప్పుడు పొట్ట కింద ఒక రకం, తోక దగ్గర ఇంకో రకం బిగింపు కనిపిస్తుంది. అలాంటిదాన్ని ఎవరో మరమ్మతు చేశారేమో అని అనుమానించాల్సిందే.

మూతి రేకుల మీద, పంకాల మీద అక్షరాలు అచ్చు పడి ఉంటాయి. భూతద్దం పట్టి, టార్చి పక్కనుంచి వాలుగా వేస్తే అరిగినవి కూడా తేలతాయి. క్రీక్ చబ్ మూతి రేకు మీద 1920 సెప్టెంబర్ 7 పేటెంట్ తేదీ చూసి, నూరేళ్ల లూర్ దొరికిందని పొంగిపోతుంటారు. పేటెంట్ వచ్చిన రోజది, తయారైన రోజు కాదు. అదే అచ్చుతో దశాబ్దాల పాటు రేకులు కొట్టారు. తేదీ బదులు పేటెంట్ నంబర్ ఉంటే ఈ లెక్క పనికొస్తుంది. అమెరికా పేటెంట్లు పది లక్షల నంబర్‌కి చేరింది 1911లో, ఇరవై లక్షలకి 1935లో, ముప్పై లక్షలకి 1961లో. 22 లక్షల పైచిలుకు నంబర్ ఉన్న రేకు 1935కి ముందుది కాలేదు.

అట్టపెట్టె ఉంటే అడ్రసు చదవండి. ఊరి పేరు తర్వాత ఒకటో రెండో అంకెలుండి, ఆ తర్వాత రాష్ట్రం పేరుంటే అది 1943 నుంచి 1963 మధ్య నడిచిన పోస్టల్ జోన్ నంబర్. అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతిది. బార్‌కోడ్ ఉంటే 1970ల మధ్య నుంచి ఇటువైపుది. పెట్టె కొసన అచ్చేసిన నంబర్ లోపలి లూర్‌తో సరిపోవాలి. క్రీక్ చబ్ 700 వరస అంటే పైకీ, అందులో 701 పెర్చ్ చేప రంగు, 702 ఎర్ర తల తెల్ల ఒళ్లు. 702 పెట్టెలో ఆకుపచ్చ లూర్ ఉందంటే ఎవరో చేపలు పడుతూ పడుతూ దొరికిన పెట్టెలో సర్దేశారన్నమాట. అదేం నేరం కాదు, కానీ ఆ రెండూ జత అని రాసుకోవద్దు.

మోసాలు, కొత్త రంగులు పట్టుకోవడానికి రెండు పరీక్షలు. స్క్రూ తల చూడండి. కూడిక గుర్తులాంటి గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూలు బజారులోకి వచ్చింది 1930ల మధ్యలో. 1910 నాటి లూర్ అన్నదానికి అది ఉంటే కథ తేడాగా ఉన్నట్టే. రెండోది చీకటి గదిలో యూవీ టార్చి. పాత పెయింట్, మీద దిద్దిన కొత్త పెయింట్ ఒకేలా మెరవవు. ఒళ్లంతా ఒక రంగులో ఉండి తల దగ్గర మాత్రం మచ్చలా వేరుగా వెలిగితే అక్కడ ఎవరో బ్రష్ పట్టారని అర్థం.

పొట్ట కింద అర్ధచంద్రాకారపు గీతలు కనిపిస్తే కంగారు వద్దు. హుక్కు ఊగి ఊగి గీసిన గీత అది. అసలు లూర్ మీద ఉండాల్సిందే.

తుడవడం

ఇత్తడి రేకు నల్లబడి కనిపిస్తే మన చేయి చింతపండు వైపు పోతుంది. దేవుడి సామాన్లకి బాగుంటుంది, ఇక్కడ వద్దు. చింతపండు, నిమ్మకాయ, ముగ్గుపిండి, పేస్టు, స్టీల్ వూల్ అన్నీ పైపూతను గీకేస్తాయి. పాత స్పూన్లకి (డార్‌డెవిల్ లాంటి రేకు లూర్లకి) నికెల్ పూత ఉంటే ఒక్క రుద్దుడుకే కింది ఇత్తడి బయటపడుతుంది, దాన్ని తిరిగి తేలేం. నలుపును అలాగే ఉంచండి. కిరోసిన్, టర్పెంటైన్, డబ్ల్యూడీ-40 పెయింట్‌కి శత్రువులు. నెయిల్ పాలిష్ రిమూవర్ గురించి గట్టిగానే చెప్పాలి. అందులో ఎసిటోన్ ఉంటే పాత ప్లాస్టిక్ లూర్ ఒళ్లు అక్కడికక్కడే కరిగిపోతుంది.

పనికొచ్చే సామగ్రి చాలా తక్కువ: డిస్టిల్డ్ వాటర్, గిన్నెలు తోమే లిక్విడ్ సోపు ఒక్క చుక్క, ఇయర్‌బడ్లు, మెత్తటి మేకప్ బ్రష్, పాత నూలుగుడ్డ. పావు లీటరు నీళ్లలో ఆ చుక్క కలపండి. ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. దుమ్ము ఉండగానే తడి పెడితే అది గరుకు కాగితంలా గీస్తుంది. తర్వాత ఇయర్‌బడ్‌ను ముంచి, గుడ్డ మీద అద్ది, తేమ మాత్రమే మిగిలేలా చూసి, పొట్ట కింద హుక్కు పక్కన, ఎవరికీ కనపడని చోట మినపగింజంత మేర తుడవండి. ఇయర్‌బడ్‌కి బూడిదరంగు అంటితే మురికి. ఎరుపో పచ్చో అంటితే పెయింట్ కదులుతోంది, ఆ లూర్‌కి పొడి బ్రష్‌తోనే సరిపెట్టండి.

మురికే అయితే రూపాయి బిళ్లంత చోటు చొప్పున తుడుస్తూ, వెంటనే ఉత్తనీళ్ల ఇయర్‌బడ్‌తో సోపు తీసేసి, పొడిగుడ్డ అద్దుతూ వెళ్లండి. పగుళ్లున్న చోట పీచు వెంట తుడవండి, అడ్డంగా వద్దు. అడ్డంగా తుడిస్తే లేచిన పెంకు ఊడుతుంది. లూర్‌ను కుళాయి కింద పెట్టడం, సోపునీళ్లలో నానబెట్టడం కూడదు. పగుళ్లలోంచి నీళ్లు దిగి చెక్క ఉబ్బుతుంది, ఆరేటప్పుడు చెక్క ముడుచుకుంటుంది గానీ పెయింట్ ముడుచుకోదు. వారం తర్వాత పెంకులు లేస్తాయి. చేసిన రోజు బాగానే ఉంటుంది కాబట్టి చాలామందికి కారణం తెలియదు.

మెరుపు కోసం క్లియర్ వార్నిష్ కొడదామన్న ఆలోచన కూడా వస్తుంది. కొత్త వార్నిష్‌లోని సాల్వెంట్ పాత పెయింట్‌ను ముడతలు పడేలా చేస్తుంది. అది జరగకపోయినా, పైపూత వేసిన లూర్‌ను సేకరించేవాళ్లు రీపెయింట్ లెక్కలోనే చూస్తారు. కొబ్బరినూనె రాసినా తర్వాత బంక కట్టి దుమ్ము పడుతుంది. పెంకులు లేస్తున్న లూర్‌ను అసలు ముట్టుకోకుండా టిష్యూలో పెట్టేయడమే దానికి చేయగల మేలు.

హుక్కుల తుప్పు

దాచుకునే లూర్లకు తుప్పు హుక్కులే ఉంచండి. అసలు హుక్కు తుప్పుతో ఉన్నా కొత్తదానికంటే మిన్న. తుప్పు పొడి రాలి పెయింట్ మీద మరక చేస్తుంటే పొడి టూత్‌బ్రష్‌తో హుక్కునొక్కదాన్నే దులిపి, వంపుకి అట్టముక్క చుట్టండి.

నీళ్లలో వేయబోయే లూర్ హుక్కులనైతే ఒంటి నుంచి ఊడదీశాక మాత్రమే శుభ్రం చేయాలి. మామూలు తెల్ల వెనిగర్‌లో మూడు నాలుగు గంటలు ఉంచి, బ్రష్‌తో రుద్ది, చెంచా వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి తీసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి. తుప్పు పోయాక లోపల గుంటలు కనిపిస్తే ఆ హుక్కును చేప మీద నమ్మొద్దు, వంపు దగ్గర పుటుక్కున విరుగుతుంది.

నీళ్లలో వేయాలా?

వేయొచ్చు. చేపకి లూర్ వయసుతో పనిలేదు. జార్జ్ పెర్రీ 1932లో జార్జియాలో పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్ బాస్ క్రీక్ చబ్ లూర్‌కే పడింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దానికి సమానమైన చేప దొరికేదాకా ఆ రికార్డును ఎవరూ అందుకోలేదు. కాకపోతే ఏ లూర్ వేయాలన్నది ఎంచుకోవాలి. గాజు కళ్లు, పెయింట్ నిండుగా ఉన్నది, అట్టపెట్టెతో జత ఉన్నది, కుటుంబంలో ఒక్కటే మిగిలినది ఇంట్లోనే ఉండాలి. రంగు సగం పోయినవి, ఒకే రకం రెండు మూడు ఉన్నవి నీళ్లకి. జిట్టర్‌బగ్, జారా స్పూక్, లకీ 13 లాంటివి ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. తాతగారి పద్ధతిలో పట్టాలన్న కోరిక కొత్తదానితోనూ తీరుతుంది.

ఎంచుకున్న చెక్క లూర్‌కి ముందు లాగుడు పరీక్ష చేయాలి. దారం కట్టే రింగు స్క్రూకి సూట్‌కేసులు తూచే చేతి త్రాసు తగిలించి మెల్లగా నాలుగు కిలోల దాకా లాగండి. జెర్కు ఇవ్వొద్దు. స్క్రూ కదిలినా, చుట్టూ చెక్క కీచుమన్నా దాన్ని పూర్తిగా తిప్పి తీసి, రంధ్రంలో చెక్కపని జిగురు ఒక చుక్క, సన్నటి టూత్‌పిక్ చీలిక పెట్టి మళ్లీ బిగించి ఒక రోజు ఆరనివ్వండి. తోక దగ్గర, పొట్ట దగ్గర స్క్రూలకీ ఇదే పరీక్ష. పెద్ద చేప పడినప్పుడు లూర్ రెండుగా విడిపోయేది ఈ స్క్రూల దగ్గరే.

హుక్కులు మార్చడంలో తప్పులు ఎక్కువ జరుగుతాయి. ఆ లూర్ నడక దాని బరువుల సమతూకంతో వచ్చింది. పాత హుక్కును నగలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచి, కొత్తది 0.2 గ్రాముల తేడా మించకుండా చూడండి. బరువెక్కితే పైన తేలాల్సింది మునుగుతుంది, తేలికైతే ఒళ్లు పక్కకి పొర్లుతుంది. స్ప్లిట్ రింగ్ వేసి తగిలిస్తే హుక్కు కిందికి దిగి ముందుదీ వెనకదీ ఒకదానికొకటి పట్టుకుంటాయి. దీనికి తేలిక ఉపాయం, కన్ను తెరిచి ఉన్న ఒంటికొన సైవాష్ హుక్కు. దాన్ని స్క్రూ రింగులో తగిలించి ప్లేయర్‌తో నొక్కితే చాలు. రెండు ముక్కల రేకు బిగింపైతే గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి, సన్నదైతే గాడి చెదిరి ఇక ఎప్పటికీ రాదు. పాత హుక్కు తుంచితే తప్ప రానంటే ఆ లూర్‌ను నీళ్లలో వేయొద్దు. తీసిన హుక్కుల్ని, స్క్రూలని చిన్న కవర్లో వేసి ఏ లూర్‌వో, ఏ స్థానంలోవో రాసి దాచండి.

అయిదు మూడుకొనల హుక్కులున్న హెడన్ 150 లాంటివి కొన్ని రాష్ట్రాల నియమాలకు కుదరవు, లూర్‌కి ఇన్ని హుక్కులే అన్న పరిమితి చూసుకోండి. పెట్టెలోని చిన్న సీసం గుండ్లను కూడా న్యూ హాంప్‌షైర్, మెయిన్, వెర్మాంట్ లాంటి చోట్ల వాడనివ్వరు. నీటిపక్షులు వాటిని మింగి చనిపోతున్నందున వచ్చిన నియమం అది.

సరస్సుకి వెళ్లేముందు స్నానపు టబ్బులో వేసి చూడండి. లూర్ నిటారుగా తేలాలి. అయిదు నిమిషాల్లో పగులు దగ్గర బుడగలొస్తే నీళ్లు తాగుతోందన్నమాట, ఆరబెట్టి ఇంట్లో ఉంచేయండి. దారం 10 నుంచి 14 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) చాలు. ఏమాత్రం సాగని బ్రెయిడ్ (అల్లిన) దారం కుదుపంతా పాత స్క్రూ మీదకే తెస్తుంది. రింగుకి బిగుతు ముడి కాకుండా వదులు ఉచ్చు ముడి వేస్తే మూతి స్వేచ్ఛగా ఊగుతుంది. పైక్ చేపలున్న నీళ్లైతే తీగ లీడర్ (దారం చివర కట్టే లోహపు తీగ ముక్క) తప్పదు, వాటి పళ్లు దారాన్ని కోసేస్తాయి.

పైకీని నిదానంగా, ఆగకుండా చుట్టండి. తొందరపడితే పక్కకి తిరగబడుతుంది. జిట్టర్‌బగ్‌ను నిశ్చలమైన నీళ్లలో సందెవేళ వేసి, గుడుగుడు చప్పుడు ఒకే లయలో వచ్చేలా చుట్టండి. లయ తప్పితే మూతి రేకు వంగిందేమో చూడండి, కానీ వంచి సరిచేయబోకండి. యుద్ధకాలంలో లోహం కొరతతో దానికి ప్లాస్టిక్ మూతి పెట్టారు, అలాంటిది మీ దగ్గర ఉంటే అసలు నీళ్లలో వేయొద్దు. జారా స్పూక్‌కి కర్ర కొనతో చిన్న చిన్న జెర్కులిస్తూ మధ్యలో దారం వదులు చేస్తే కుడి ఎడమలకు తిరుగుతుంది. లూర్ విసిరేటప్పుడు రాళ్లున్న ఒడ్డు, మోడులున్న చోటు మానుకోండి. ఇంటికి రాగానే మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి, తలకిందులుగా వేలాడదీసి రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. తడిగా ఉండగానే పెట్టెలో పెట్టేస్తే ఒక్క వారంలో కొత్త హుక్కూ తుప్పు పడుతుంది.

దాచడం

పాత ఇనప పెట్టెలోకే తిరిగి సర్దాలనిపిస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది. పెట్టెను ఖాళీగా అలంకారానికి ఉంచండి. లూర్లను విడివిడి గదులున్న పాలీప్రొపిలీన్ డబ్బాలో, ఒక్కో గదికి ఒక్కటే, యాసిడ్ లేని టిష్యూ పరిచి పెట్టండి. చెక్కవి ఒక డబ్బా, ప్లాస్టిక్‌వి ఇంకో డబ్బా, రబ్బరు కుచ్చులున్నవి మూడోది. మెత్తటి పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, స్పాంజి ముక్కలు వద్దు. పురుగుల్లోంచి ఊరే రసాయనం లాంటిదే పీవీసీలోనూ ఉంటుంది. అటక మీద ఎండాకాలం వేడి, బేస్‌మెంట్‌లో చెమ్మ. పడకగది అలమారా ఈ రెంటికంటే నయం. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు.

ఇండియాకి తీసుకెళ్లేవాళ్లు చెక్ ఇన్ సామానులోనే పెట్టండి, హుక్కుల కొనలకి తొడుగు వేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి హుక్కులు ఒక్క వానాకాలంలోనే పాడవుతాయి. ప్రతి డబ్బాలో పది గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, మూడు నెలలకోసారి మార్చండి. బట్టల బీరువాలో మాత్రం పెట్టొద్దు. అక్కడుండే కలరా ఉండల ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, పెయింట్‌కీ మంచిది కాదు. ఈకలు, జింకతోక వెంట్రుకలు కట్టిన ఫ్లైలకు (ఈగల్లాంటి తేలికపాటి ఎరలకు) పురుగు పడితే కవర్లో గాలి తీసి బిగించి ఫ్రీజర్‌లో వారం ఉంచండి, తీశాక కవర్ విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వండి. పెయింట్ వేసిన చెక్క లూర్లకు ఈ చిట్కా వద్దు, చలికి పగుళ్లు పెరుగుతాయి.

ప్రతిదానికీ నంబర్ ఇవ్వండి. స్టిక్కర్, సెల్లోటేప్ ఒంటికి అంటించొద్దు. నూలుదారంతో కాగితం చీటీ రింగుకి కట్టండి. ఆ నంబర్ మీద పుస్తకంలో కొలత (మూతి రేకు, హుక్కులు వదిలి ఒంటి పొడవు), రంగు, కళ్లు, బిగింపు రకం, రేకు మీది అక్షరాలు, చేసిన మరమ్మతు, ఆ లూర్ ఎవరిది, ఏ నీళ్లలో వాడారు అన్నవి రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఫొటోలు చూపించి అడగండి. ఉత్తినే అడిగితే గుర్తుకురానివి బొమ్మ చూడగానే గుర్తుకొస్తాయి. వాళ్ల మాటల్ని ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది.

ధరల గురించి ఎక్కువ ఆశ వద్దు. 1859లో పేటెంట్ పొందిన హాస్కెల్ మినో అనే లూర్ ఒకటి 2003లో వేలంలో లక్ష డాలర్లు దాటిన మాట నిజమే, కానీ మామూలు పెట్టెలో దొరికే ప్లాస్టిక్ రివర్ రంట్, మీడియం సైజు డార్‌డెవిల్ లాంటివి అయిదు నుంచి ఇరవై డాలర్ల సరుకే. అమ్మేవాళ్లు అడిగే ధర చూడకండి, ఆన్‌లైన్ వేలాల్లో నిజంగా అమ్ముడైన ధరల జాబితా చూడండి. అరుదైనది అనిపిస్తే 1976లో ఏర్పడిన జాతీయ లూర్ సేకర్తల సంఘం, ఎన్‌ఎఫ్‌ఎల్‌సీసీ సభ్యుల ప్రదర్శన ఎక్కడ జరుగుతుందో కనుక్కుని తీసుకెళ్లండి. ఒకే మనిషి చెప్పిన వెలకి అక్కడికక్కడే అమ్మేయకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకునేటప్పుడు అట్టపెట్టె ఒకరికి, లూర్ ఇంకొకరికి పోకుండా చూసుకోండి. కవర్లో దాచిన పాత హుక్కులూ ఆ లూర్ వెంటే వెళ్లాలి.